కడబంతి

కార్తీకం మొదలైన వారానికే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో వనభోజనాల జాబితా వచ్చింది. ఎవరు పులిహోర కలపాలి, ఎవరు వడలు వేయించుకుని రావాలి, ఎవరు కుర్చీలూ మైకూ మాట్లాడాలి అన్నది ఏటా ఉండే వ్యవహారమే. అదే రోజు సాయంత్రం బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఫోన్ చేసి, మా 27వ పెళ్లిరోజు ఆదివారం పడింది కాబట్టి తిరుపతిలోనే ఒక పెద్ద హోటల్లో మా ఇద్దరికీ రాత్రి భోజనానికి టేబుల్ బుక్ చేశానని చెప్పింది. ఏడు విడతలుగా వడ్డించే భోజనమట, మనిషికి 2,200 రూపాయలట. పగలంతా ఎక్కడికైనా తిరిగి రమ్మనీ, రాత్రికి నేరుగా అక్కడికి వెళ్లమనీ దాని ఏర్పాటు. బిల్లు కూడా తనే కడతానంటే, మావారు ఒప్పుకోలేదు.

ఈ సంగతి చిత్తూరులో ఉన్న మా వదిన చెవిన పడింది. ఆవిడ మావారికి అక్క, మాట దాచుకునే మనిషి కాదు. ఫోన్ చేసి నవ్వుతూనే అడిగింది: “ఏందమ్మా, ఇద్దురు తినేదానికి ఐదు వేలా? ఆ దుడ్లుంటే వనభోజనాలకు వచ్చినోళ్లందరికీ ఓళిగలు చేయించి పెట్టొచ్చు గదా.”

నేను కూడా నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాటకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. మా వదిన గురించి చెప్పాలంటే, ఇరవై మందికి వండి పెట్టి చివర అడుగున మిగిలిన పులుసుతో సంతోషంగా తినే మనిషి ఆమె. అటువంటి మనిషి అడిగినప్పుడు కోపం తెచ్చుకోవడం కూడా కుదరదు. ఆ రోజు గడిచిన తరువాత చాలా ఆలోచించి తేల్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. భార్యాభర్తలు ఇద్దరే ఒక పగలంతా బయట తిరిగి, ఇద్దరూ ఒకే వేళ కూర్చుని, మూడో మనిషి వడ్డిస్తుండగా తీరికగా భోంచేయడం విలాసమని అనేవారు అనవచ్చు గాని, అది చేయవలసిన విలాసమని నా అభిప్రాయం. మన ఆచారాలలో అన్ని రకాల భోజనాలకూ చోటు ఉంది, దీనికి మాత్రం ఎక్కడా లేదు.

బువ్వం బంతి తరువాత

చోటు లేదని ఊరికే అనడం లేదు. మన పెళ్లిలో బువ్వం బంతి అని ఒకటి ఉంది. వధూవరులను పక్కపక్కన కూర్చోబెట్టి, చుట్టూ బంధువులు చేరి, ఎగతాళి చేస్తూ ఒకరి నోట ఒకరిచేత ముద్ద పెట్టించి ముచ్చట తీర్చుకుంటారు. ఆ ఒక్క పూట పెళ్లికూతురు మొదటి బంతిలో కూర్చుంటుంది. ఆ మరునాటి నుంచి ఆమె బంతి మారిపోతుంది. సీమంతానికి పేరంటాళ్ల మధ్య కూర్చుంటుంది, వ్రతానికి ముత్తైదువులతో కూర్చుంటుంది, తద్దినం నాడు అందరూ లేచిన తరువాత కూర్చుంటుంది. మొగుడితో కలిసి కూర్చోవడానికి మాత్రం ఏ పండుగా లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఇళ్లలో వడ్డించే మనిషి, కడబంతిలో కూర్చునే మనిషి ఒక్కరే అయినప్పుడు సంగతి ఏమిటన్నది ఆ సామెతకు పట్టినట్టు లేదు.

మా అత్తగారు ఉన్న రోజుల్లో ఒకసారి, కొత్త కోడలి ఉత్సాహంతో, మామగారికీ ఆమెకూ ఎదురెదురుగా రెండు కంచాలు పెట్టాను. ఆమె ఏమీ అనకుండా తన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నన్ను తప్పు పట్టలేదు, నొచ్చుకున్నట్టు కూడా కనిపించలేదు. వీధిలోకి తెరుచుకున్న తలుపు మూసినట్టు, చాలా మామూలుగా లేచి వెళ్లింది. మామగారు తల ఎత్తి చూడను కూడా లేదు.

కాలం మారింది, ఇప్పుడు అందరూ కలిసే తింటున్నారు కదా అంటారు. కొంతవరకు నిజమే. మావారు కంచం ముందు కూర్చుని కేకలు వేసే మనిషి కాదు, నాకు జ్వరం వస్తే ఉప్మా చేసి పెడతారు, అది తినడానికి కూడా బాగానే ఉంటుంది. కానీ దోసె సంగతి చూడండి. దోసె పెనం మీది నుంచి కంచంలోకి రావాలి, ఒకటి తినేలోగా ఇంకొకటి పడాలి. పోసేవారు తినలేరు, తినేవారు పోయలేరు. ఈ 27 ఏళ్లలో మా ఇంట్లో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని వేడి దోసె తిన్న రోజు ఒక్కటి కూడా లేదని ఈ మధ్యనే గమనించాను. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, పొయ్యి ఒకచోట, కంచం ఒకచోట ఉండటమే కారణం. ఆయన పోసినా అంతే, అప్పుడు ఆయన కడబంతి అవుతారు.

వనభోజనాలంటే నాకు ఇష్టమే. ఉసిరి చెట్టు కింద విస్తరి వేసుకుని తినే ఆ పూట కోసం చిన్నప్పుడు ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. అయితే అది ఊరి పండుగ, వంశం పండుగ, ఇప్పుడైతే కాలనీలకూ కుల సంఘాలకూ పండుగ. అక్కడ మొగుడు ఒక గుంపులో, పెళ్లాం ఇంకొక గుంపులో ఉంటారు, ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మాత్రమే కలుస్తారు. శరదృతువులో బయటికి వెళ్లి చెట్ల నీడన తినడం మనకు ఎవరూ నేర్పవలసిన అవసరం లేదు. ఇద్దరే వెళ్లడం ఒక్కటే మనకు కొత్త.

తలకోన దారి

పద్యాలలోని శరత్తు అంటే తేటపడిన ఏళ్లు, దూదిపింజల వంటి మబ్బులు, పిండి ఆరబోసినట్టు వెన్నెల. మా తిరుపతికి ఆ వర్ణన సగమే కుదురుతుంది. మాకు ఆశ్వయుజ కార్తీకాలు అసలైన వానల కాలం, ఈశాన్య రుతుపవనాలు వచ్చేది అప్పుడే. 2021 నవంబరులో తిరుమల కనుమ దారిలో కొండచరియలు విరిగిపడటం, ఊరి వీధులు వాగులై పారడం ఇక్కడెవరికీ మరపు రాలేదు. అందుకని ఆదివారం పొద్దున్నే ఆకాశం చూసి, మబ్బు ఉన్నా వాన లేదని నిర్ధారించుకుని, తలకోనకు బయలుదేరాము. 50 కిలోమీటర్ల పైచిలుకు దారి. వానలు పడిన వారంలో ఆ జలపాతానికి ఉండే నిండుదనం వేసవిలో చూసినవారికి తెలియదు.

దారిలో శ్రీనివాస మంగాపురం దగ్గర ఆగాము. నారాయణవనంలో పెళ్లైన తరువాత కొత్త దంపతులు ఆరు నెలల పాటు కొండ ఎక్కకూడదని అగస్త్యుడు చెప్పగా, శ్రీనివాసుడూ పద్మావతీ ఆయన ఆశ్రమంలో ఉండిపోయిన చోటు ఇదని కథ. ఆ పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు స్వామి ఇంకా వడ్డీ కడుతున్నాడని చెప్పుకునే ఊరు మాది. అటువంటి ఊళ్లో ఐదు వేల రూపాయల భోజనం గురించి వదినగారు అంత ఆశ్చర్యపోవలసిన పని లేదని మావారు అన్నారు. నాకు మాత్రం ఆ ఆరు నెలల మీదికి మనసు పోయింది. తరువాత ఆయన కొండ మీదా ఆమె తిరుచానూరులోనూ ఉండిపోయిన దంపతులకు, కలిసి గడిపినదిగా స్థలపురాణం చెప్పే కాలం అది. ఆ ఆరు నెలలూ వంట ఎవరు చేశారో కథ చెప్పదు. ముని ఆశ్రమం కాబట్టి, కనీసం పద్మావతి చేయలేదనే అనుకుంటున్నాను.

భాకరాపేట దగ్గర రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని సీతాఫలాలు అమ్ముతున్నారు. తోటకాయలు కావు, అడవికాయలు, చిన్నవి, కండ తక్కువ, తీపి మాత్రం నాలుక మీద అంటుకుపోతుంది. గంపలోంచి పండినవి ఏరించుకుని, కారు చెట్టు కింద ఆపి, చేతులతో విప్పుకుని తిన్నాము. గింజలు ఊయడానికి కిటికీ ఒకటి సరిపోలేదు. ఆయన ఒక పండు విప్పి పెద్ద చెక్క నాకు ఇచ్చారు. ఆ నిమిషంలో నా అభిప్రాయం కాస్త కదిలిందని ఒప్పుకోవాలి. బల్ల లేదు, వడ్డన లేదు, 20 రూపాయల పండు, ఇద్దరూ ఒకే వేళ తింటున్నాము. ఇంకేం కావాలి? రాత్రి భోజనం మానేసి ఇంటికి పోదామా అని కూడా అనిపించింది. ఆ మాట పైకి అంటే ఆయన ఏమనేవారో నాకు తెలుసు: “పోదాం. అయితే రాత్రికి ఏం చేస్తావు?” పండుకూ భోజనానికీ ఉన్న తేడా ఆ ప్రశ్నలోనే ఉంది.

తలకోనలో జనం కిక్కిరిసి ఉన్నారు. కార్తీక ఆదివారం కావడంతో బస్సులు కట్టించుకుని వచ్చిన వనభోజనాల గుంపులు నాలుగైదు కనిపించాయి. మగవాళ్లు నీళ్లలో ఉన్నారు, పిల్లలు ఒడ్డున ఉన్నారు, చీరకొంగులు బిగించిన ఆడవాళ్లు గంగాళాల చుట్టూ ఉన్నారు. జలపాతం దాకా మెట్లెక్కే ఓపిక మావారి మోకాళ్లకు ఉన్నంత వరకు నడిచి, 270 అడుగుల పైనుంచి పడే ఆ నీటి ధారను ఒక బండ మీద కూర్చుని చూశాము. తిరిగి వచ్చేటప్పుడు ఆయన గిల్లతీగను చూపించారు. మనిషి తొడంత లావైన తీగ, చెట్టు నుంచి చెట్టుకు పాకి ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంటుంది. పెళ్లైన ఏడాది మనం ఇక్కడికి ఎవరిదో స్కూటరు అడిగి తెచ్చుకుని వచ్చాము, నువ్వు ఈ తీగ మీదే కూర్చున్నావు అన్నారు. కాదు, బస్సులో వచ్చాము, తీగ మీద కూర్చున్నది మీ తమ్ముడు అన్నాను. ఈ వాదన తేలలేదు.

ఏడు విడతలు

హోటల్లోకి అడుగు పెట్టినప్పుడు మొదట నాకు తోచింది ఏమిటంటే, మా కుర్చీల వెనుక ఎవరూ నిలబడలేదు. తిరుపతిలో ఉండేవారికి ఇది చిన్న విషయం కాదు. యాత్రికుల ఊరు కాబట్టి ఇక్కడి హోటళ్లన్నీ తొందర మీద నడుస్తాయి. మజ్జిగన్నం కలుపుకునే వేళకు పెట్టె పట్టుకుని ఒక కుటుంబం మన కుర్చీ వెనుక చేరుతుంది, వాళ్ల రైలు వేళ మన గొంతులో పడుతుంది. వాళ్ల తప్పూ లేదు, హోటలు వాళ్ల తప్పూ లేదు.

రెస్టారెంట్ అన్న మాట 18వ శతాబ్దపు పారిస్‌లో బలానికి తాగే మాంసం చారుకు పేరు. దాన్ని అమ్మే అంగడి పేరుగా తరువాత మారింది. అంతకుముందు పూటకూళ్ల ఇళ్లలో అందరూ ఒకే బల్ల దగ్గర, యజమాని చెప్పిన వేళకు, ఆయన పెట్టింది తినేవారు. మన బంతి భోజనం వంటిదే అనుకోవచ్చు. కొత్త అంగళ్లు తెచ్చిన మార్పు ఎవరి బల్ల వారికి, ఎవరి వేళ వారికి ఇవ్వడం. ఒకటి తిన్న తరువాత ఇంకొకటి తేవడం కూడా అక్కడ పాత ఆచారం కాదు. 19వ శతాబ్దంలో రష్యా నుంచి ఫ్రాన్సుకు వచ్చిన వడ్డన అది, అంతకుముందు చాలా పదార్థాలను ఒకేసారి బల్ల మీద పరిచేవారు. మన విస్తరిది ఇంకొక దారి. కూరా పచ్చడీ పప్పూ ముందే ఆకులో చేరతాయి, చేయి మాత్రం పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అన్న వరుస తప్పదు. కాబట్టి ఏడు విడతల భోజనం మనది కాదని కొట్టిపారేయనక్కర లేదు. వరుస మనకూ తెలుసు. మన వరుస నడవాలంటే ప్రతిసారీ ఒకరు లేచి వంటింట్లోకి వెళ్లి రావాలి, అంతే.

మొదటి విడతలో గాజు కప్పులో చారు వచ్చింది. రెండో విడతలో నల్లటి పళ్లెంలో నిమ్మకాయంత రాగిసంగటి ఉండలు మూడు, పక్కన వేలితో దిద్దినట్టు ఊరిబిండి. మా అత్తగారు గెలికిన సంగటి ముద్ద కొబ్బరికాయంత ఉండేది. ఈ మూడింటినీ చూస్తే ఆమె ఎవరి పిల్లలకని అడిగి ఉండేది. కార్తీకంలో నేను ఉల్లి, వెల్లుల్లి తినను. ఆ సంగతి ముందే చెప్పినా రెండు పదార్థాల్లో కుదరదన్నారు, ఆ రెంటి బదులు తెచ్చినవి చప్పగా ఉన్నాయి. మధ్యలో ఉసిరికాయ రసాన్ని గడ్డకట్టించి చెంచాడు పెట్టారు. ఆదివారం ఉసిరి తినకూడదు, రాత్రిపూట అసలే తినకూడదు. రెండు నియమాలూ ఒక్క చెంచాతో తప్పాను. చాలా బాగుంది.

నాలుగో విడతలో పితికిపప్పు వచ్చింది. మా జిల్లాలో చలి మొదలవుతోందంటే అనపకాయలు అంగట్లోకి వస్తాయి. గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య పితికి పైతోలు తీయాలి. శేరు పప్పు కావాలంటే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు పూటంతా కూర్చోవాలి. నేను పెళ్లైనప్పటి నుంచి ఏటా పితుకుతున్నాను, గోళ్లు నొప్పి పుట్టేవరకు. ఎవరో పితికి వండిన పప్పును వేడిగా నా ముందు పెట్టగా తిన్నది అదే మొదటిసారి. రుచి మా ఇంటిదానికి సగం కూడా లేదు. అయినా ఆ గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం అడిగాను.

అలవాటు ఎంత లోతుగా ఉంటుందో కూడా అక్కడే తెలిసింది. గిన్నె రాగానే నా చేయి గరిటె మీదికి పోయింది, ఆయన పళ్లెంలో వేయడానికి. “నేను వడ్డిస్తాను మేడమ్” అన్నాడు ఆ అబ్బాయి. ఆయన కూడా పళ్లెం నా వైపు జరిపి ఉన్నారు. ఇద్దరం దొంగల్లా చేతులు వెనక్కు తీసుకున్నాము.

తేలని సంగతులు

వాదన ఇక్కడ ఆపేస్తే నాకు అనుకూలంగానే ఉండేది. కానీ ఆ వడ్డించే అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు, పుంగనూరు వైపు పిల్లవాడు. తొమ్మిదిన్నరకు ఇంకా నిలబడే ఉన్నాడు. నువ్వెప్పుడు తింటావు నాయనా అని అడిగాను. “మీరంతా రాకముందే ఆరు గంటలకు మాకు పెట్టేస్తారు మేడమ్, మళ్లీ రూముకు పోయి ఏమైనా తింటాం” అన్నాడు. అంటే నేను దిగిన కడబంతిలోకి ఇంకొకరు ఎక్కారు. అతనికి జీతం ఉంది, పని గంటలు ఉన్నాయి, వారానికొక సెలవు ఉంది, ఆరు గంటలకే అన్నం ఉంది. మా అత్తగారికి ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. తేడా పెద్దదే అని నాకు నేను చెప్పుకున్నాను. పూర్తిగా నమ్మానని మాత్రం చెప్పలేను.

బిల్లు వచ్చినప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. 4,400 రూపాయలకు 10 శాతం సర్వీస్ చార్జీ 440 కలిపి, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ వేశారు. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలో భోజనానికి 18 శాతం, వీధిలోని మామూలు హోటల్లో 5 శాతం కాబట్టి పన్ను గురించి మావారికి పేచీ లేదు. సర్వీస్ చార్జీని మాత్రం బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022లో వినియోగదారుల ప్రాధికార సంస్థ చెప్పిందనీ, 2025లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించిందనీ ఆయన మర్యాదగా గుర్తు చేశారు. వాళ్లు మాట్లాడకుండా తీసేసి 5,192 రూపాయల బిల్లు తెచ్చారు. ఆయన గెలిచిన ముఖంతో నా వైపు చూశారు. నేను వచ్చిందే వడ్డన కోసం, ఆయన కొట్టివేయించింది వడ్డన ఖరీదు! ఆ 440 రూపాయలూ నా పర్సులోంచి తీసి ఆ అబ్బాయి చేతిలో పెట్టాను. ఆయన ఏమీ అనలేదు గాని, కారు దాకా నాకంటే రెండడుగులు ముందు నడిచారు.

ఇంకొక అనుమానం మాటల గురించి. మూడో విడత ముగిసేసరికి మాకు మాటలు అయిపోయాయి. అమ్మాయి సంబంధాలు, ఇంటి అప్పు, ఆయన చక్కెర పరీక్ష అన్నీ పది నిమిషాల్లో తీరిపోయాయి. పక్క బల్ల దగ్గర ఒక కుర్ర జంట ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. వాళ్లను చూసి నవ్వుకునే అర్హత మాకు లేదని అప్పుడు అనిపించింది. పగటి ప్రయాణం పనికి వచ్చింది అక్కడే. స్కూటరా, బస్సా అన్న వాదన మళ్లీ లేచింది. ఆ ఏడాది వాన పడిందా, చెప్పు తెగింది ఎవరిది, భాకరాపేటలో టీ తాగామా లేదా, ఇవన్నీ ఏడో విడత దాకా సాగాయి. మేము ఇంటి నుంచి నేరుగా ఆ హోటలుకు వెళ్లి ఉంటే, మా ఇంటి బల్లనే ఎక్కువ డబ్బు పెట్టి అక్కడికి మోసుకుపోయినట్టు ఉండేది. పగటి తిరుగుడూ రాత్రి భోజనమూ కలిపి పెట్టడం మా అమ్మాయి తెలివో, ఊరికే తోచిందో తెలియదు.

మా వదిన ప్రశ్నలోని అన్నిటికంటే బలమైన ముక్కకు ఇంకా జవాబు చెప్పలేదు. నలుగురికీ పెట్టవలసిన డబ్బు ఇద్దరే తినేశారన్నది ఆమె బాధ. నిత్యాన్నదానం ఊళ్లో ఈ మాటకు బరువు ఎక్కువ. తిరుమలలో 1985లో మొదలైన అన్నప్రసాదం పథకం ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరిట 2011లో తెరిచిన భవనంలో నడుస్తోంది. రోజూ వేల మంది అక్కడ బంతులుగా కూర్చుని తింటారు. వదిన ఫోను పెట్టేసిన తరువాత నాకు గుర్తుకు వచ్చింది. బువ్వం బంతి తరువాత మేమిద్దరం పక్కపక్కన కూర్చుని, ఇంకెవరో వడ్డించగా, ఒకే వేళ వేడి అన్నం తిన్నది పెళ్లైన మరుసటి నెలలో, కొండ మీద దర్శనం చేసుకుని వచ్చిన తరువాత, ఆ అన్నదానంలోనే. పైసా ఖర్చు లేదు. నా వాదనకు ఇంతకంటే గట్టి ఎదురుదెబ్బ మా వదిన కూడా కొట్టలేదు.

అయితే అక్కడ తలుపు అవతల ఇంకొక బంతి ఎదురుచూస్తూ ఉంటుంది, ఉండాలి కూడా. ఆకు ముందు నుంచి లేవకుండా స్కూటరా బస్సా అని వాదించుకుంటే అది పాపం. ఆ బంతికి ఇవ్వవలసిన చందా ఇస్తూనే ఉన్నాము, ఇక ముందూ ఇస్తాము. ఏడాదికొకసారి ఎవరికీ అడ్డం రాని ఒక బల్ల దగ్గర రెండు గంటలు కూర్చోవడానికి దాన్ని పోటీ పెట్టనక్కర లేదని వదినకు చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, “మీ అన్న నన్ను ఏడికీ పిలుచుకోని పోలేదులే” అంది. తరువాత మాట మార్చి ఓళిగల పిండి గురించి మాట్లాడింది.

కాలనీ వనభోజనాలు వచ్చే ఆదివారం. జాబితాలో పులిహోర ఎదురుగా నా పేరు ఉంది, 40 మందికి. కుర్చీలూ మైకూ ఎదురుగా మావారి పేరు ఉంది. కింద వడ్డన అన్న చోట మళ్లీ నా పేరు, ఇంకో ముగ్గురు ఆడవాళ్ల పేర్లు ఉన్నాయి. పులిహోర తెస్తాననీ, వడ్డనలో నా పేరు తీసి మావారి పేరు వేయమనీ గ్రూపులో రాశాను. రెండు రోజులైంది. అందరూ చదివినట్టు నీలి గుర్తులు కనిపిస్తున్నాయి, ఎవరూ ఇంకా ఏమీ రాయలేదు.